చక్రానికి పెట్టని బొట్టు

పోయిన వారం బాల్కొండలో నా పికప్ వెనక బ్రేకులు బాగుచేసిన మెకానిక్, పని అంతా అయిపోయాక చేతులు కడుక్కుని, పనిముట్ల పెట్టెలోంచి చిన్న డబ్బా తీశాడు. మూత తీసి అందులో వేలు ముంచాడు. బండి ముందుకు వచ్చి బంపర్ మీద, నంబరు పలకకు కాస్త పైన, పసుపు బొట్టు పెట్టాడు. పెట్టి నా వైపు తిరిగాడు.

"అక్కా, పసుపు గీడనే. చక్రం జోలికి పోవద్దు."

నేను పకపకా నవ్వాను. నా నవ్వు చిన్నది కాదు. పక్కన పంక్చర్ వేసుకుంటున్న ఆటో అతను కూడా తలెత్తి చూశాడు. మెకానిక్ బిత్తరపోయాడు పాపం.

"ఎందుకు తమ్మీ, చక్రానికి పెడితే ఏమైతది?" అని అడిగాను.

"ఏమైతదో ఏమో అక్కా. బ్రేకు పని చేసినంక బొట్టు బంపర్‌కే పెట్టాలె. గది పద్ధతి."

"ఎవరు పెట్టిండ్రు గా పద్ధతి?"

"ఎవరో పెట్టేదేంది? ముందునుంచి ఉన్నదే."

ముందునుంచి ఉన్నదే అన్న మాట వినగానే నవ్వు ఆగిపోయి కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. ఎందుకంటే ఆ పద్ధతి ఎక్కడ మొదలైందో, ఎవరి వల్ల మొదలైందో, ఎవరు మొదలుపెట్టారో నాకు తెలుసు. మొదలైంది మా ఇంట్లో. మొదలుపెట్టిన మనిషి పోయిన వానాకాలం చనిపోయాడు. ఆయన్ను మేమంతా బ్రేకుల కాక అనేవాళ్ళం. సొంత పేరు ఉంది, కానీ రాయను. బతికున్నన్నాళ్ళు తన దుకాణం మీద కూడా ఆ పేరు రాయించుకోలేదు, ఇప్పుడు నేను రాస్తే ఊరుకోడు.

ఆర్మూర్‌లో హైవే నుంచి మార్కెట్ యార్డు వైపు తిరిగే దారిలో ఉండేది ఆయన రేకుల షెడ్డు. బోర్డు లేదు. ముందు గుంజకు అరిగిపోయిన బ్రేకు డిస్కు ఒకటి ఇనుప తీగతో వేలాడేది. పని ఉన్నవాళ్ళు అక్కడే పెట్టిన పానాతో దాన్ని కొట్టాలి. బడిగంటలా మోగేది. మొదటిసారి పోయినప్పుడు నాకు ఆ సంగతి తెలియదు. "ఎవరున్నరు లోపట?" అని అరిచాను. ఎవరూ పలకలేదు. మళ్ళీ అరిచాను.

"గంట కొట్టు బిడ్డా. లారీల చప్పుట్ల మనిషి గొంతు ఇనబడది," అని ఒక జీపు కిందినుంచి సమాధానం వచ్చింది.

"ఇప్పుడు ఇనబడ్డది గద!"

"నీ గొంతు ఇనబడ్డది. అందరికి నీ అంత గొంతుండదు."

ఒళ్ళు మండింది. కానీ తిడదామంటే ఎదురుగా ఉన్నవి రెండు కాళ్ళే. జీపు కిందినుంచి అవే కనబడుతున్నాయి, మడమలు పగిలి, మసి పట్టి. చెప్పులు మాత్రం దూరంగా, గుడి ముందు విడిచినంత శుభ్రంగా, జతగా పెట్టి ఉన్నాయి. చాలాకాలం నాకు కాక అంటే ఆ రెండు కాళ్ళే.

ఆయన గల్ఫ్‌లో ఒక గ్యారేజీలో పనిచేసి వచ్చాడు. అక్కడ ముందు చక్రాలు ఇంకొకాయనవి, వెనక చక్రాలు ఈయనవి. "నా జిందగీ అంత బండ్ల వెనకనే పోయింది బిడ్డా," అనేవాడు. బాధగా కాదు, ఉద్యోగం పేరు చెప్పినట్టే చెప్పేవాడు. మా బండికి ఆయనే దిక్కు కావడానికి కారణం కూడా అదే. ఇక్కడ తిరిగే పికప్‌లకు వెనక ఎక్కువగా డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. మా ఆయన గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి హైదరాబాద్‌లో కొన్న పాత బండికి వెనక కూడా డిస్కులు. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం లాంటిది డిస్కు. దాన్ని రెండు వైపులా ప్యాడ్లు గట్టిగా పట్టుకుంటే బండి ఆగుతుంది. పట్టణంలో మిగతావాళ్ళు చక్రం విప్పి చూసి, తల గోక్కుని, "గిది కాక కాడికి తీస్కపో" అనేవారు.

డ్రైవర్‌ను పెట్టి నడిపిద్దామని కొన్న బండి అది. డ్రైవర్లు నిలవలేదు. అప్పటిదాకా మా అత్తమ్మా నేనూ బీడీలు చుట్టేవాళ్ళం. ఒకరోజు చేట పక్కన పెట్టి, నేనే నేర్చుకుంటానన్నాను. మా ఆయన ఫోన్లో నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. "నేర్చుకో. నేను వంట చేస్త," అంది. నందిపేట్ వైపు ఊళ్ళ నుంచి ఆర్మూర్ యార్డుకు పసుపు, మేం మక్కలనే మొక్కజొన్నలు తోలడం అలా మొదలైంది. అత్తమ్మ ఆ మాట అనకపోతే నేను ఇంకా బీడీలకు తునికాకు కత్తిరిస్తూ ఉండేదాన్ని.

కాక దగ్గర విచిత్రాలు చాలా ఉన్నాయి. ఊరందరి బండ్లకూ బ్రేకులు వేసే మనిషి సైకిల్‌కు బ్రేకులు లేవు. కాలు నేలకు ఆనించి ఆపేవాడు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "నా బ్రేకుకు నిప్పల్ లేదు, ఆయిల్ లేదు, గాలి పట్టది," అని పాదం ఎత్తి చూపించేవాడు. ఆయనకు కారు నడపడం రాదు. నేర్చుకోలేదు. బండి షెడ్డులోకి రావాలన్నా, బయటికి పోవాలన్నా యజమానే నడపాలి. జాకీని నమ్మేవాడు కాదు. కింద స్టాండు పెట్టి, దాన్ని కాలితో తన్ని, "నాకంటె ముందు నువ్వు గట్టిగుండు," అని దానికి చెప్పి, అప్పుడు వెల్లకిలా దూరేవాడు. ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్‌ను విప్పాక ఆయిల్ పైపు మీద ఎప్పుడూ వేలాడనిచ్చేవాడు కాదు. ఆ రబ్బరు పైపును ఆయన నరం అనేవాడు. నరం మీద బరువు పడొద్దని, గల్ఫ్ నుంచి తెచ్చుకున్న కోటు హ్యాంగర్ తీగను వంచి, దానికి తగిలించేవాడు. కోటు మాత్రం ఆయనకు ఎప్పుడూ లేదు.

అన్నిటికంటే పెద్ద విచిత్రం కాలు సంగతి. బ్రేకు పని చివర్లో పైపుల్లో చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన పెడల్ తొక్కాలి, ఒకరు కింద చక్రం దగ్గర గాలి వదిలే నిప్పల్‌ను విప్పి బిగించాలి. ఏ షెడ్డులో అయినా పనివాడు ఎవరో ఒకడు తొక్కుతాడు. కాక దగ్గర అలా కుదరదు. బండి ఎవరు నడుపుతారో వాళ్ళే తొక్కాలి. యజమాని డ్రైవర్‌ను పంపకుండా తానొక్కడే వస్తే, డ్రైవర్ వచ్చేదాకా ఆయన పని ముట్టుకోడు.

నేను కూడా మొదటిసారి విసుక్కున్నాను. "నేను పైసలిచ్చేదాన్ని కాకా, పని చేసేదాన్ని గాదు," అన్నాను.

"ఎక్కి కూసో బిడ్డా. పెడల్ ఎట్ల మారిందో తొక్కినోనికే తెలుస్తది. నువ్వు తొక్కకపోతే నా మాట నమ్మాలె. నమ్ముడు వేరు, తెలుసుడు వేరు."

ఎక్కి కూర్చున్నాను. ఆయన వెనక చక్రం కింద, నేను పైన. ఒకరికొకరు కనబడం. గొంతు ఒక్కటే.

"తొక్కు."

తొక్కాను. కాలు మెత్తగా, అడుగుదాకా పోయింది.

"పట్టు. పట్టు. ఇడువకు. ఆ, ఇప్పుడు ఇడువు."

మళ్ళీ తొక్కు, మళ్ళీ పట్టు, మళ్ళీ ఇడువు. తొందరపడితే "షువై, షువై" అనేవాడు. గల్ఫ్‌లో నేర్చుకున్న మాట, మెల్లగా అని. కొంతసేపటికి పాదం కింద పెడల్ గట్టిపడడం మొదలైంది. మెత్తటి పిండి లాంటిది కాస్తా రాయి అయింది. నాకు తెలియకుండానే, "కాకా, వచ్చింది!" అని అరిచాను. కిందినుంచి నవ్వు వినబడింది. ఆ రోజు నుంచి నా బండి బ్రేకు ఎక్కడ పడుతుందో నా కాలికి తెలుసు.

ఇక అసలు సంగతి. ఒక ఏడాది పసుపు యార్డుకు వచ్చే రోజుల్లో వెనక చక్రాలు కీచుమనడం మొదలుపెట్టాయి. కాక చక్రం విప్పి, డిస్కు అంచు మీద గోరు నడిపి, "గిది ఇగ పళ్ళెం గాదు బిడ్డా, పాపడ్ అయింది," అన్నాడు. ప్యాడ్లు, డిస్కులు రెండూ కొత్తవి వేయాలి. తుప్పు పట్టి అతుక్కుపోయిన పాత డిస్కును చుట్టూ తిరిగి చిన్న దెబ్బలతో లేపాడు, ఒకేచోట పెద్ద దెబ్బ కొట్టకుండా. కొత్త డిస్కులు కాగితం విప్పగానే తళతళమన్నాయి. వాటిని పెట్రోలు గుడ్డతో తుడిచాడు. ఆ గుడ్డ పారేసి ఇంకో గుడ్డతో తుడిచాడు. పసిపిల్లకు నీళ్ళు పోసి తుడిచినట్టు అంచులు, సందులు అన్నీ తుడిచాడు. ఎందుకంత తుడుస్తున్నాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. నా దృష్టి యార్డు గేటు మూసే వేళ మీద ఉంది.

సాయంత్రం బండి ఇంటికి తెచ్చాను. మా అత్తమ్మ కొబ్బరికాయ, నిమ్మకాయలు సిద్ధంగా పెట్టుకుంది. బండికి ఏ పని జరిగినా ఆమె పూజ చేయకుండా బయటికి పోనివ్వదు. నేను కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి పోయాను. బయట ఆమె బండి చుట్టూ తిరిగింది. చక్రం రంధ్రాల్లోంచి కొత్త డిస్కులు పూజ పళ్ళేల్లా మెరుస్తున్నాయి. కొత్తవి అవే కదా, మొక్కవలసింది వాటికే అనుకుంది. నీళ్ళతో కలిపిన పసుపు ఎండి రాలిపోతుందని నువ్వుల నూనెలో కలిపింది. బీడీలు చుట్టి సన్నబడిన వేళ్ళు ఆమెవి. ఆ రంధ్రాల్లోంచి దూర్చి రెండు డిస్కులకూ నిండుగా, ప్రేమగా పూసింది. పసుపు పండించే ఊళ్ళో, పసుపు తోలే బండికి, పసుపు తక్కువ చేస్తుందా?

మరునాడు పొద్దున నందిపేట్ దిక్కు నుంచి పసుపు బస్తాలు నింపుకుని వస్తున్నాను. దారిలో కాలువ మీద ఎత్తు వంతెన ఒకటి ఉంది. ఎక్కేటప్పుడు ఆకాశం, దిగేటప్పుడు రోడ్డు నిండా ఆరబోసిన మక్కలు. దిగుడులో బ్రేకు తొక్కాను. ముందు చక్రాలు పట్టాయి. వెనక బరువు మాత్రం నన్ను తోసుకుంటూ వచ్చింది. బండి తోక పక్కకు తిరిగింది. గట్టిగా తొక్కాను. లేదు. మక్కలు తిరగేస్తున్న ఒకామె పార పడేసి పొలంలోకి దూకింది. బండి మక్కల కుప్పలోకి మోకాలి లోతున దూరి ఆగింది.

ఎవరికీ గీత కూడా పడలేదు. అయినా నేను సీట్లోంచి దిగలేదు. మక్కలామె తిట్టింది, తిట్టి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. చుట్టూ చేరిన వాళ్ళలో ఒకడు, "ఆడోళ్ళకు బండ్లెందుకు?" అన్నాడు. మామూలుగా అయితే వాడికి ఆ రోజు అన్నం సహించేది కాదు. అప్పుడు మాత్రం నాకు నోరు రాలేదు. గల్ఫ్ నుంచి మా ఆయన ఫోన్. "బండి ఇంటికి తేకు, అమ్మేద్దాం. బీడీలు చుట్టుకున్నా బతుకుతం," అన్నాడు. సరే అన్నాను. నిజంగానే సరే అనుకున్నాను.

కబురు విని అత్తమ్మ ఆటోలో వచ్చింది. నా ముఖం, చేతులు, మెడ అన్నీ తడిమి చూసి, నా పక్క సీట్లో కూర్చుంది. మొదటి గేరులో, నడిచేవాళ్ళు కూడా దాటిపోతుంటే, షెడ్డు దాకా తెచ్చాను. దారి పొడుగునా భయం కాస్తా కోపంగా మారింది. గుంజకున్న డిస్కును పగిలేలా కొట్టాను.

"కాకా! ఏం చేసినవ్ నా బండిని? చంపుదామనుకున్నవా?"

కాక బయటికి వచ్చాడు. నా ముఖం చూశాడు.

"దెబ్బలు తగిల్నయా?"

"లేవు."

"ఎవరికన్న తగిల్నయా?"

"ఎవరికీ తగల్లే. మక్కలల్ల దూరింది."

"అయితే చాయ్ తాగు. నేను చక్రం ఇప్పుత."

చక్రం విప్పాడు. డిస్కు మీద వేలు పెట్టి రాశాడు. వాసన చూశాడు. క్యాలిపర్ విప్పి, హ్యాంగర్ తీగకు తగిలించి, ప్యాడ్ బయటికి తీశాడు. కొత్త ప్యాడ్ నూనె తాగి నల్లగా నానిపోయి ఉంది. అంచులో పచ్చటి ముద్ద.

"నువ్వుల నూనె," అన్నాడు. "పసుపు."

నేను తిరిగి చూశాను. అత్తమ్మ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది.

"నేనే తమ్మీ," అంది. "కొత్తయి గదా అని. మంచిగుండాలె అని. గీ చేతులతోనే పూసిన. గీ చేతులతోనే కోడల్ని చంపుకుంటుంటిని."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆమె ఏడవలేదు, ఏడిస్తే బాగుండేది. కాక లేచి, మసి చేతులు చొక్కాకే తుడుచుకుని, ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆయన భార్య, అత్తమ్మ ఒకప్పుడు ఒకే బీడీ కార్ఖానాకు పోయేవాళ్ళు. ఆ వరసన ఆమెను అక్కా అని పిలిచేవాడు.

"అక్కా, చేతుల దిక్కు గట్ల జూడకు. కొత్త డిస్కు నూనె పూసే వస్తది, తుప్పు పట్టొద్దని. నూనె ఉంటె ప్యాడ్ పట్టది, జారుతది. అందుకే నేను అంతసేపు తుడ్సిన. ఎందుకు తుడుస్తున్ననో బిడ్డకు ఒక్క మాట జెప్పలే. చెప్పి ఉంటె నీ దాకా వస్తుండె. నా నోరు పనిచెయ్యలే, నీ చెయ్యి పనిచేసింది. గంతే."

అత్తమ్మ చేతుల్ని కొంగులో దాచుకుంది.

"ఇంకో మాట. నా పనికి ఇన్నేండ్లల్ల ఎవ్వరు మొక్కలే. నువ్వొక్కదానివే మొక్కినవ్," అన్నాడు.

మళ్ళీ కొత్త ప్యాడ్లు తెప్పించాడు. డిస్కులు ఈసారి తుడుస్తూ, ప్రతి గుడ్డా ఎందుకో అత్తమ్మకు చెబుతూ తుడిచాడు. చివరికి, "ఎక్కు బిడ్డా, తొక్కాలె," అన్నాడు.

"నేను ఎక్క. ఇగ నడప. బండి అమ్ముతున్నం."

"అమ్ము. కొన్నోనికి బ్రేకులున్న బండి అమ్ముతవా, లేని బండి అమ్ముతవా?"

ఎక్కి తొక్కాను. తొక్కు, పట్టు, ఇడువు. పాదం కింద పెడల్ గట్టిపడింది. దిగబోతుంటే కాక పానా చేతిలో పట్టుకుని బండి వెనక తొట్టిలోకి ఎక్కాడు. సరిగ్గా వెనక చక్రాల పైన, పసుపు బస్తాల మీద కూర్చున్నాడు.

"గా వంతెన కాడికి పో."

"కాకా, నాతోని గాదు."

"నాకు నడుపరాదు బిడ్డా, ఎరికే గద. మక్కలామె రోడ్డు ఖాలీ చేసి ఉంటది. ఒక్కసారి కొడితె మెల్లగ, రెండుసార్లు కొడితె ఆపు."

నేను అత్తమ్మ వైపు చూశాను, వద్దంటుందేమోనని. ఆమె నా పక్క సీట్లోకి ఎక్కి తలుపు వేసుకుంది. "పద. ఏమన్నయితే ఇద్దరికయితది," అంది.

వంతెన ఎక్కాను. దిగుడు కనబడగానే స్టీరింగ్‌ను రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. మక్కలామె దూరం నుంచే చూసి, "అయ్యో, గదే బండి మళ్ళచ్చిందే!" అని అరిచి పొలంలోకి పరిగెత్తింది. వెనక రేకు మీద ఒక దెబ్బ పడింది. "షువై!" అన్న కేక వినబడింది. పెడల్ మీద కాలు పెట్టాను. ఇందాక షెడ్డులో ఎక్కడ గట్టిపడిందో అక్కడే, సరిగ్గా అక్కడే నా పాదానికి తగిలింది. బండి ముందూ వెనకా ఒక్కటై కిందికి వంగి, నెమ్మదించింది. రెండు దెబ్బలు పడ్డాయి. ఆపాను. మక్కల కుప్ప ఇంకా చాలా దూరంలో ఉంది.

నేను స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. సంతోషంతోనే. అత్తమ్మ నా వీపు మీద చెయ్యి వేయబోయి, ఆ చేతిని వెనక్కి తీసుకుంది. అది నాకు తెలిసింది.

కాక దిగి, బస్తా మూతిలోంచి జారిపడిన పసుపు కొమ్ము ఒకటి ఏరాడు. కాలువ నీళ్ళు నాలుగు చుక్కలు చల్లి, వంతెన గోడ రాయి మీద దాన్ని అరగదీశాడు. పచ్చటి గంధంలా వచ్చింది. అత్తమ్మ దగ్గరికి తెచ్చాడు.

"అక్కా, పెట్టు. బంపర్‌కు పెట్టు. ఏం గాదు."

"నా చేతితోని వద్దు తమ్మీ."

ఎంత చెప్పినా ముందుకు రాలేదు. చివరికి ఆయనే వేలు ముంచి బంపర్ మీద బొట్టు పెట్టాడు.

"ఇది అక్క తరఫున," అన్నాడు. "పసుపు గీడనే. చక్రం జోలికి పోవద్దు."

బండి అమ్మలేదు. ఆ సాయంత్రం నేను మా ఆయనకు ఫోన్ చేసి, నా గొంతు నాకు తిరిగి వచ్చిందని ఆయనకు బాగా తెలిసేలా చెప్పాను.

ఆ తర్వాత కాక పనిముట్ల పెట్టెలో చిన్న రేకు డబ్బా ఒకటి చేరింది. అందులో తడి పసుపు. ఎవరి బండికి బ్రేకు పని చేసినా చివర్లో బంపర్‌కు బొట్టు, అదే మాట. ఇంటికి పోయి పూజ చేసే ఆడవాళ్ళకు ఇక చక్రం దాకా పోయే పని లేకుండా. ఆయన క్రైస్తవుడు. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని ప్రార్థనకు పోయేవాడు, ఆ రోజు గంట ఎంత కొట్టినా పలికేవాడు కాదు. ఒకసారి వాళ్ళ చుట్టం ఒకాయన నా ముందే, "నువ్వు బొట్టు పెట్టుడేంది?" అని నిలదీశాడు. కాక డబ్బా మూత పెడుతూ, "నేను దేవునికి పెడ్తలేనురా. మనిషి చెయ్యి చక్రం మీదికి పోవద్దని పెడ్తున్న," అన్నాడు.

కానీ మా అత్తమ్మ చెయ్యి మాత్రం ఆయనకు లొంగలేదు. గడపకు పసుపు రాసేది, దేవుడికి పెట్టేది, బండి బంపర్ దగ్గరికి మాత్రం వచ్చేది కాదు. దసరాకు బండి కడిగి ముగ్గు వేస్తే, గడపలోనే నిలబడి చూసేది. మేం షెడ్డుకు పోయినప్పుడల్లా కాక డబ్బా ఆమె ముందు పెట్టేవాడు.

"అక్కా, ఈసారి నువ్వు పెడ్తవా?"

"వద్దు తమ్మీ."

"అయితే అక్క తరఫున," అని తనే పెట్టేవాడు. ఏళ్ళ తరబడి ఇదే నడిచింది. ఆయన అడగడం మానలేదు, ఆమె వద్దనడం మానలేదు. ఎవరికీ కోపం రాలేదు.

చివరిసారి చూసినప్పుడు షెడ్డు ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. ఆయాసం. బండి కిందికి దూరలేకపోతున్నాడు. పని వేళ ఆ రెండు కాళ్ళూ నాకు నేల మీద నిలువుగా కనబడడం అదే మొదటిసారి. చెప్పులు ఎప్పటిలాగే దూరంగా, జతగా ఉన్నాయి.

"అన్ని బ్రేకులు బాగుచేసిన బిడ్డా," అన్నాడు. "అక్క పట్టిన బ్రేకు ఒక్కటి ఇడిపియ్యలేకపోయిన. గది నీకు ఇడుస్తున్న."

"నీతోనే గానిది నాతోని ఎట్లయితది కాకా?"

"షువై, షువై."

వానలు పడ్డాక దవాఖానకు పోయాడు. తిరిగి రాలేదు. షెడ్డు ఇప్పుడు మూసి ఉంది. ఆయన భార్య గుంజకున్న డిస్కును వాళ్ళ ఊరి ప్రార్థన మందిరానికి ఇచ్చింది. అక్కడ అది గంట.

అందుకే పోయిన వారం నేను బాల్కొండలో వెనక బ్రేకులు చేయించుకోవలసి వచ్చింది. ఆ మెకానిక్ గాలి తీయడానికి తన పనివాణ్ణి పిలిస్తే, నేను వద్దని, నేనే ఎక్కి తొక్కాను. అతనికి వింతగా తోచింది. తర్వాత అతను డబ్బా తీయడం, నేను నవ్వడం, ముందునుంచి ఉన్నదే అనడం జరిగింది. అతనికి కాక ఎవరో తెలియదు. ఆర్మూర్‌లో ఎవరి దగ్గరో చూసి నేర్చుకున్న ఇంకొకతను చేస్తుంటే, ఇతను చూశాడట.

పొద్దు వాలేసరికి ఇంటికి చేరాను. అత్తమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. ఆమె కళ్ళు ఇప్పుడు అంత బాగా కనబడవు. అయినా బండి ముందు పచ్చటి చుక్క ఆమెకు కనబడింది. చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"తమ్ముడు లేడు గద. గీ బొట్టు ఎవరు పెట్టిండ్రు?"

"బాల్కొండల మెకానిక్ పెట్టిండు అత్తమ్మా."

"ఆయనకు ఎవరు జెప్పిండ్రు? నువ్వు జెప్పినవా?"

"నేను జెప్పలే. ఆయన బ్రేకు పని చేసిన బండ్లన్నిటికి పెడ్తడంట. పసుపు గీడనే, చక్రం జోలికి పోవద్దు అన్నడు. ఎందుకు అంటె తెల్వదు. పద్ధతి అంట. ముందునుంచి ఉన్నదంట."

"ముందునుంచా?" అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను. నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ బండి బంపర్ దాకా నడిచింది, ఇన్నేళ్ళలో మొదటిసారి. బొట్టు దగ్గరికి వంగి చూసింది.

"నూనె కలిపిండా?"

"లేదు. నీళ్ళే."

"వాసన చూసినవా?"

"చూసిన అత్తమ్మా. నీళ్ళే."

ఆమె లోపలికి పోయింది. కొంతసేపటికి వంటింటి సాన మీద పసుపు కొమ్ము అరగదీస్తున్న చప్పుడు వినబడింది. నేను బండి తాళం చెవి చేతిలో పట్టుకుని, కదిలితే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని, వాకిట్లోనే నిలబడ్డాను. గిన్నె తెచ్చింది. నాకు చూపించింది, నూనె లేదని. బీడీలు చుట్టిన ఆ సన్నటి వేలు అందులో ముంచి, బంపర్ మీద ఆ బొట్టు పక్కనే ఇంకో బొట్టు పెట్టింది. బొట్టు కొంచెం వంకరగా వచ్చింది.

"ఇది తమ్ముని తరఫున," అంది.